సీసా పోయినవాడు

...సీసా అనే ఎందుకన్నారో మరి. కప్పు అనొచ్చు, కూజా అనొచ్చు, ఇనప బకెట్టు అనొచ్చు. ధైర్యాన్ని పోసి దాచుకోవడానికి ఇంట్లో ఇన్ని సామాన్లుండగా, కిందపడితే పగిలే దాన్నే ఏరి పట్టుకున్నారు. ఫలానావాడికి సీసా ఉంది. ఫలానావాడి సీసా పోయింది. ఇంతే అంటారు. ధైర్యం అన్న మాట చర్చిలో పాదిరిగారు వాడతారు, యుద్ధంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి మీద ఉంటుంది. ఎత్తులెక్కి పనిచేసే ఏ మగాడూ దాన్ని నోట పలకడు. సైన్యంలో ఉన్నప్పుడు లండన్ వాడొకడు దీని పుట్టుపూర్వోత్తరాలు చెప్పాడు. అదొక ప్రాసలో సగం ముక్కట, మిగతా సగం కలిపితే ఆడవాళ్ల ముందు అనకూడని మాట తేలుతుందట. ఆ రాత్రి బ్యారక్కంతా నవ్వింది. క్లిఫర్డూ నవ్వాడు. అప్పుడతనికి ఇరవై ఏళ్లు, సీసా నిండుగా ఉంది, కాబట్టి దాని గురించి ఆలోచించే పని పడలేదు.

ఇప్పుడు నలభై ఏడు. ల్యాంకషైర్‌లో మూతపడ్డ ఒక నూలు మిల్లు వెనక, నూట ఎనభై అడుగుల పొగగొట్టం మొదట్లో, చేతిలో టీ కప్పు చల్లారిపోతుండగా నిలబడి, ఆలోచించకూడనిదాన్ని ఆలోచించకుండా ఉండటానికి ఈ మాటను తిప్పి తిప్పి చూస్తున్నాడు.

ఆలోచించకూడనిది అతని ఎడమ భుజం పక్కనే ఉంది. ఇటుకల మీద, రొమ్ము ఎత్తులో, సుద్దతో గీసిన పన్నెండు నిలువు గీతలు.

పొగగొట్టం మీద నిచ్చెనలు పన్నెండు. ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, ఇటుకల సందుల్లో కర్ర ముక్కలు బిగించి, వాటిలోకి ఇనప కొక్కేలు దిగ్గొట్టి, ఆ కొక్కేలకు తాళ్లతో కట్టుకుంటూ పోతారు. శిఖరాన పిడుగుకడ్డీ విరిగిందని, దాన్ని మార్చడానికి అక్టోబరులో తనూ, తనతో పనిచేసే డెనిసూ కలిసి కట్టిన నిచ్చెనలివి. తరవాత పది రోజులు ఊరంతా పెంకులు లేచిపోయేంత గాలి. అలాంటి గాలి తరవాత ఎవరో ఒకరు మొదట ఎక్కాలి. ప్రతి కొక్కేన్నీ సుత్తితో కొట్టి చూడాలి. గట్టిగా ఉన్నది గంటలా మోగుతుంది, వదులైనది దగ్గినట్టు చప్పుడు చేస్తుంది. ప్రతి తాడునూ లాగి చూడాలి. కిందికి దిగాక, చూసిన ఒక్కో నిచ్చెనకూ ఒక్కో గీత గీయాలి. ఆ గీత పడ్డాక దాని మీద మాట లేదు. రెండోవాడు ఆ కొక్కేల మీద మళ్లీ సుత్తి వేయడు. వేశాడంటే మొదటివాణ్ణి మొహం మీదే అబద్ధాలకోరని అన్నట్టు. వేరే కంపెనీలో ఒకడు అలా వేసినందుకు ఇద్దరు మనుషులు పదకొండేళ్లు ఒకే తాడు పట్టుకుని పనిచేస్తూ కూడా మాట్లాడుకోలేదు.

నిన్న ఎక్కింది క్లిఫర్డ్. తొమ్మిది చూశాడు. పన్నెండు గీశాడు.

"ఏంటి పెద్దాయనా, కప్పులోకి అలా చూస్తున్నావు? పంచదార వేశా, మూడు చెంచాలు. కావాలంటే అడుగున వెతుక్కో."

డెనిస్ కర్షా రేకుల గదిలోంచి బయటికొచ్చి నడుముకు బెల్టు బిగించుకుంటున్నాడు. ముప్ఫై ఒక్క ఏళ్లు, ఎర్రజుట్టు, ఎప్పుడూ ఏదో ఒకటి వాగుతుండే నోరు. ఎనిమిదేళ్ల కిందట మొదటిసారి నిచ్చెన మీద అతని కాళ్లను పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టించింది క్లిఫర్డే.

గాలి కాస్త లేచినట్టుంది, మధ్యాహ్నం దాకా చూస్తే మంచిదేమో అన్నాడు క్లిఫర్డ్. తన గొంతు మామూలుగానే వచ్చినందుకు అతనికే ఆశ్చర్యమేసింది.

"గాలా? మా అత్త తుమ్మితే ఇంతకన్నా గట్టిగా వీస్తుంది." డెనిస్ టోపీ సర్దుకుని ఆకాశం వైపు చూశాడు. నవంబరు ఉదయం, బూడిదరంగు మబ్బు, చెట్ల కొమ్మలు కదలడం లేదు. గాలి లేదని ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు చెప్పేయొచ్చు. మూడు మాటలు చాలు. పై మూడు చూడలేదు. క్లిఫర్డ్ ఆ మూడు మాటల్నీ నోట్లో పేర్చుకున్నాడు. నాలుక మీద సుద్ద రుచి తగిలింది. ఈలోగా డెనిస్ వేరే కబురు ఎత్తుకున్నాడు. రాచ్‌డేల్‌లో ఒకడు, మంచి పనివాడే, పోయిన శుక్రవారం ఎనభై అడుగుల దగ్గర నిచ్చెనకు అతుక్కుపోయాడట. ముగ్గురెళ్లి వేళ్లు ఒక్కొక్కటే ఊడదీసి దింపారట.

"వాడి సీసా పోయిందన్నమాట," అన్నాడు డెనిస్. ముందు నవ్వాడు. తరవాత నవ్వు ఆపి బెల్టు కట్టు వైపు చూస్తూ అన్నాడు, "నాకేగనక అలాంటిదొస్తే, పెద్దాయనా, నువ్వే చెప్పు నాతో. వేరేవాళ్ల నోటి నుంచి విననీకు. సరేనా?"

సరే అన్నాడు క్లిఫర్డ్.

డెనిస్ సన్నతాడు కొసను నడుముకు కట్టుకున్నాడు. రెండో కొస, మిగతా చుట్టంతా, క్లిఫర్డ్ చేతిలో ఉంది. పైకెళ్లాక పనిముట్లు లాక్కోవడానికి ఆ తాడు. మాట వినిపించనంత ఎత్తుకెళ్లాక మాటగా కూడా అదే పనికొస్తుంది. ఒకసారి లాగితే ఆగు. రెండుసార్లు లాగితే పైకి చేదుకో. మూడుసార్లు లాగితే దిగిరా. మూడు లాగుళ్లకు ఎందుకని అడగరు, ముందు దిగుతారు.

డెనిస్ గీతల పక్కనుంచే వెళ్లాడు. వాటివైపు చూశాడు, మనం వీధి చివర గడియారాన్ని చూసినట్టు. తరవాత చెయ్యి మొదటి మెట్టు మీద పడింది.

తాడు క్లిఫర్డ్ వేళ్ల మధ్య నుంచి జారడం మొదలుపెట్టింది.

పైకి చూడలేకపోయాడు. కింద నిలబడి కూడా పైకి చూడలేని స్థితి వస్తుందని అతనెప్పుడూ అనుకోలేదు. మెడ వెనక్కి వాల్చగానే పొగగొట్టం అతని మీదికి ఒరుగుతున్నట్టు ఉంది. మబ్బులు నడుస్తుంటే అలా అనిపిస్తుందని ప్రతి చిన్నపిల్లాడికీ తెలుసు. అందుకని నేలవైపు చూస్తూ తాడుతో లెక్కపెట్టాడు. ఒక్కో నిచ్చెనకూ రెండున్నర బారల తాడు పోతుంది. మొదటిది పోయింది. రెండోది పోయింది.

మూడోదాని దగ్గర అతనికి హర్బర్ట్ టాటర్సాల్ గుర్తొచ్చాడు. హర్బర్ట్ బస్టాండులో పేపర్లు అమ్ముతాడు. పదేళ్ల కిందట, ఒక చర్చి శిఖరం మీద పనిచేస్తుండగా, ఏమీ జరగని ఒక రోజున, అతని సీసా పోయింది. ఆ మాట అతని ముందు ఎవరూ అనలేదు. ఎగతాళి చేసినా బాగుండేది. పేపరు కొనడానికెళ్లిన ప్రతివాడూ అతనితో మెత్తగా మాట్లాడతాడు. ఎలా ఉన్నావు హర్బర్ట్, మోకాలు నొప్పి తగ్గిందా హర్బర్ట్, చలిగా ఉంది కదూ హర్బర్ట్. రోగి మంచం పక్కన నిలబడి మాట్లాడే గొంతులు. క్లిఫర్డ్ కూడా ఆ గొంతుతోనే మాట్లాడాడు, పదేళ్లుగా, ప్రతి శనివారం. వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాక లోపల ఎంత తేలిగ్గా ఉండేదో ఇప్పుడు గుర్తొచ్చింది. అది నేను కాదు అన్న తేలిక.

నాలుగోది.

ఇంట్లో భార్య ఎడ్నాకు తెలిసిపోయి ఉండాలి. పోయినవారం మేడమెట్ల మీది బల్బు పోతే, మార్చడానికి స్టూలెక్కాడు. స్టూలు ఎత్తు రెండడుగులు. చెయ్యి పైకెత్తగానే మెట్ల కింది చీకటి గొయ్యి వైపు ఒళ్లంతా వాలిపోతున్నట్టయి గోడ పట్టుకున్నాడు. ఎడ్నా వంటింట్లోంచి వచ్చింది. ఒక్క నిమిషం చూసింది. దిగు, నేను పెడతాలే, నీ చేతులకు నూనె ఉంది అంది. చేతులకు నూనె లేదు. ఆ రాత్రి పక్కలో వేసుకునే వేడినీళ్ల సీసాను అడగకుండానే అతని వైపు జరిపింది. దాని వెచ్చదనం అరికాళ్లకు తగులుతుంటే, ఆమె కూడా హర్బర్ట్‌తో అందరూ మాట్లాడే ఆ గొంతుతో మాట్లాడటం మొదలుపెడుతుందేమోనని క్లిఫర్డ్ తెల్లవారేదాకా భయపడ్డాడు.

అయిదోది. ఆరు. డెనిస్ త్వరగా ఎక్కుతాడు. పైనుంచి ఈలపాట దిగి వస్తోంది, రాగం తప్పుతూ.

మిల్లు గేటు దగ్గర వ్యాను ఆగింది. వాళ్ల కంపెనీ యజమాని ఫీల్డెన్ దిగి, కుంటికాలితో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఒకప్పుడు ఈ చుట్టుపక్కల పొగగొట్టాలన్నీ ఎక్కినవాడు. క్లిఫర్డ్ పక్కన నిలబడి పైకి చూశాడు, తరవాత గోడమీద గీతల్ని చూశాడు. అడిగితే చెప్పేస్తాను అనుకున్నాడు క్లిఫర్డ్. అడగనీ. అడిగితే చాలు. ఫీల్డెన్ అడగలేదు. ఈ గీతలు నీవైతే నేనింటికెళ్లి కూచోవచ్చు, ఈ రోజుల్లో కొత్తవాళ్ల గీతలు చూస్తే మాత్రం నాకు నిద్ర పట్టదు అంటూ పైపు ముట్టించుకున్నాడు. పొగాకు వాసన తియ్యగా వచ్చింది.

ఏడు.

నిన్న ఏం జరిగిందని ఎవరైనా అడిగితే చెప్పడానికేమీ లేదు. గాలి లేదు, కాలు జారలేదు. తొమ్మిదో నిచ్చెన పైకొసన ఉన్నాడు. కొక్కేన్ని కొట్టాడు, మోగింది. సుత్తి బెల్టులో దోపుకుంటుండగా మొహానికి జానెడు దూరంలో ఒక ఇటుక కనిపించింది. దాని మీద బొటనవేలి ముద్ర ఉంది. వందేళ్ల కిందట ఎవడో మట్టి పచ్చిగా ఉండగా ఎత్తినప్పుడు పడ్డ ముద్ర. క్లిఫర్డ్ దాన్ని చూస్తూ, ఈ మనిషి చచ్చిపోయి ఉంటాడు అనుకున్నాడు. అంతే. ఇంకేమీ అనుకోలేదు. కానీ ఆ తరవాతి క్షణంలో పొగగొట్టం ఊగుతోందని అతని మోకాళ్లకు తెలిసింది. పొగగొట్టాలు ఊగుతాయి, ఊగకపోతే విరుగుతాయి, ఇరవై ఆరేళ్లుగా అతనికి తెలిసిందే. తెలిసిన సంగతి తలలోంచి కాళ్లలోకి దిగడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది. నిచ్చెనను రెండు చేతులా కావలించుకున్నాడు. చెంప ఆ వేలిముద్రకు ఆనుకుంది. ఎంతసేపో తెలీదు. కింద కెటిల్ కూత వినిపించింది. అది ఆగిపోయింది. తరవాత కళ్లు మూసుకుని, కాలితో మెట్టు వెతుక్కుంటూ వెతుక్కుంటూ దిగాడు.

సుద్ద తీసినప్పుడు తొమ్మిదే గీద్దామనుకున్నాడు. నిజంగా అనుకున్నాడు. ఈ మాట తనకు తాను నిన్నటి నుంచి నూరుసార్లు చెప్పుకున్నాడు. తొమ్మిది గీశాడు. తొమ్మిది గీతలు ఎవరైనా చూస్తే, మరి పై మూడూ అని అడుగుతారు. చెయ్యి ఆగలేదు. పైన ఒక్క మెట్టు ఎక్కలేని చెయ్యి కింద మూడు నిచ్చెనలు ఎక్కేసింది. వెనకనుంచి డెనిస్ టీ పట్టుకొచ్చి, గీతలవైపు చూసి, ఏమీ అడగకుండా కప్పు చేతిలో పెట్టాడు.

రేపు తెల్లారకముందే వచ్చి ఎవరూ చూడకుండా మిగతా మూడూ చూసేద్దామని రాత్రి నిశ్చయించుకున్నాడు. ఉదయం ఆరింటికి గుమ్మంలో ఖాళీ పాలసీసాల పక్కన నిలబడి, బూట్లు తొడుక్కుని, మళ్లీ లోపలికెళ్లి కూచున్నాడు.

ఎనిమిది.

ఏమీ కాదు. రెండు వారాల కిందట స్వయంగా కొట్టిన కొక్కేలు. పన్నెండింటికి పన్నెండూ గట్టిగానే ఉండొచ్చు. తొమ్మిదీ మోగాయి కదా, మిగతా మూడు మాత్రం ఎందుకు మోగవు? అయితే గాలి కిందకంటే పైన గట్టిగా కొడుతుంది. పై మూడింటికే దెబ్బ ఎక్కువ. ఏమీ కాదు. డెనిస్ పదోదాని మీద పాదం పెడతాడు, పదకొండు, పన్నెండు, పిడుగుకడ్డీ బిగిస్తాడు, దిగుతాడు, సాయంత్రం పబ్బులో కూచుంటారు, ఇక తను ఎప్పుడూ ఇలా చేయడు. ఏమీ కాదు. ఏమీ కాదు అన్న ప్రతిసారీ అతనికి మావిస్ కనిపిస్తోంది. డెనిస్ భార్య, బేకరీలో పనిచేస్తుంది, చేతులకెప్పుడూ పిండి. వార్త తీసుకుని ఆ బేకరీలోకి వెళ్లేది ఎవరు? తనే. దగ్గరుండి చూసినవాడే వెళ్లాలి, అదీ ఆచారమే.

తాడు ఆగింది. తొమ్మిదో నిచ్చెన చివర.

పైనుంచి డెనిస్ గొంతు సన్నగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఇల్లు కనబడుతోందట. మావిస్ పెరట్లో దుప్పట్లు ఆరేస్తోందట, ఈ మబ్బుకు ఆరినట్టే అంటున్నాడు. ఫీల్డెన్ పైపు నోట్లోంచి తీయకుండా నవ్వి, ఈవేళ ఆమెకు సెలవా అని అడిగాడు. క్లిఫర్డ్ తాడును చూస్తున్నాడు. ఆ వేలిముద్ర ఇప్పుడు డెనిస్ మొహం ముందు ఉంటుంది.

తాడు కదిలింది. అరబార.

భయం రెండు వైపుల నుంచి వస్తే మనిషి మధ్యలో గడ్డకట్టిపోతాడు. నిన్న అలాగే అయింది. పైకెళ్లడమూ భయమే, దిగడమూ భయమే. ఇప్పుడూ అంతే, నేల మీద, గట్టి రాతి నేల మీద, రెండు కాళ్లూ ఆనించి నిలబడి కూడా. బస్టాండులో హర్బర్ట్ పక్కన ఇంకో స్టూలు కనిపించింది. పబ్బులో తను లోపలికి రాగానే గొంతులు మెత్తబడటం వినిపించింది. అటుపక్క అరబార తాడు, ఇంకా జారుతూ. రెండింట్లో ఏది పెద్దదో తూచి చూడటానికి అతని దగ్గర వ్యవధి లేదు. తూచనూ లేదు. చేతులే పనిచేశాయి, నిన్న సుద్ద పట్టుకున్న చేతులే.

లాగాడు. లాగాడు. లాగాడు.

ఈలపాట ఆగిపోయింది. తాడు చాలాసేపు, అంటే రెండు ఊపిరులంతసేపు, కదలకుండా ఉంది. తరవాత నెమ్మదిగా వదులై, అతని పాదాల దగ్గర చుట్టలు చుట్టలుగా పడసాగింది.

ఫీల్డెన్ పైపు తీసి అతని వైపు చూశాడు, తరవాత పడమటి వైపు చూశాడు. అక్కడ మబ్బు కాస్త నల్లగా ఉంది. మంచిపని చేశావు, నేను గమనించనే లేదు, అది అరగంటలో ఇక్కడుంటుంది, తడి నిచ్చెనల మీద ఎవణ్ణీ ఉంచకూడదు, రేపు చూసుకుందాం అన్నాడు. క్లిఫర్డ్ భుజం తట్టాడు కూడా.

అంత సులువుగా తలుపు తెరుచుకుంటుందని క్లిఫర్డ్ అనుకోలేదు. వాన. అవును, వాన. నోరంతా తియ్యనైంది. ఇవాళ వాన, రాత్రి ఆలోచించుకోవచ్చు, రేపు తెల్లారకముందే వచ్చి...

ఆ ఆలోచనను అతను గుర్తుపట్టాడు. నిన్న రాత్రిదే, అదే, ఒక్క మాట కూడా మారలేదు.

డెనిస్ చివరి మెట్టు దిగి, చేతులు దులుపుకుంటూ వచ్చాడు. ఎర్రబడ్డ మొహంలో కోపం లేదు, కొంచెం వగరుస్తున్నాడు.

"ఏమైంది పెద్దాయనా? నేను లేకుండా టీ తాగలేకపోయావా?"

వాన అని ఫీల్డెన్ చెయ్యి చూపించాడు. డెనిస్ చూసి, ఒప్పుకున్నాడు, రేపు పొద్దున్నే మొదలెడదామన్నాడు. నడుముకు తాడు ముడి విప్పుతూ, ఏదో గుర్తొచ్చినట్టు అన్నాడు:

"పదోదాని మీద చెయ్యి వేస్తే కాస్త ఆడినట్టనిపించింది. కొట్టి చూద్దామనుకున్నా. మళ్లీ, నువ్వు చూశావుగా, నాదే భ్రమ అని కాలు పెట్టబోయా. అప్పుడే లాగావు."

ఫీల్డెన్ నోట్లోంచి పొగ వదిలాడు. డెనిస్ ముడితో కుస్తీ పడుతున్నాడు, తల వంచి. ఇద్దరిలో ఎవరూ క్లిఫర్డ్ వైపు చూడటం లేదు. వాళ్లు చూడకపోవడమే ఇవాళ అతనికి దొరికిన ఆఖరి మర్యాద. ఒక నిమిషం తరవాత వాళ్ల గొంతులు ఎలా ఉంటాయో అతనికి బాగా తెలుసు. చలిగా ఉంది కదూ క్లిఫ్. ఇలా వచ్చి కూచో క్లిఫ్. నిన్న పైన పట్టుకున్న భయమే మళ్లీ పట్టుకుంది, కానీ ఇక్కడ కావలించుకోవడానికి నిచ్చెన లేదు.

చెప్పాలని నోరు తెరిచాడు.

చేతిలోని తాడును నేల మీద పెట్టాడు. గోడ దగ్గరికి రెండడుగులు వేశాడు. బొటనవేలు నాలుక మీద తడి చేసుకుని, చివరి గీతను తుడిచాడు, దాని పక్కదాన్ని తుడిచాడు, దాని పక్కదాన్ని తుడిచాడు.